కూజాలమ్మ కాచిన నీళ్ళు

బస్‌స్టాండుకి ఎదురు సందులో మూడంతస్తుల లాడ్జి ఒకటుంది. పద్నాలుగు గదులు, గదికొక స్టీలు కూజా, పక్కన బోర్లించిన రెండు గ్లాసులు. ఆ పద్నాలుగు కూజాలనీ ఇరవై రెండేళ్ళుగా నింపుతున్నది ఒక్క మనిషే కావడంతో ఆవిడకి కూజాలమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. మొదట అలా ఎవరు పిలిచారో ఎవరికీ గుర్తులేదు. చివరికి కట్టుకున్నవాడు కూడా, ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే, "మా కూజాలమ్మ ఇంకా డ్యూటీ దిగలేదండీ" అనేవాడు.

ముప్ఫై రెండేళ్ళ వయసులో గదులు ఊడవడానికి చేరింది. ఆరునెలలు తిరక్కుండానే నీళ్ళ పని ఆవిడ చేతికొచ్చింది. కారణం ఆవిడ శుభ్రం. "చేతులు కడుక్కున్న నీళ్ళని కూడా మళ్ళీ కడిగే రకం" అని లాడ్జిలో వేళాకోళం చేసేవారు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది. ఆ మాట ఆవిడకి ఇష్టమే.

పొద్దున ఆరింటికల్లా వంటింటి వెనక వరండాలో గుండిగ పొయ్యెక్కేది. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక గోడగడియారం చూసి పది నిమిషాలు ఆగేది. పది అంటే పదే, తొమ్మిదిన్నర కాదు. తర్వాత వాటిని కుళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ములో పోసి, మూతపెట్టి, మూత మీద ఇటుకరాయి పెట్టేది. అవి చల్లారేలోపు గదుల్లోంచి కూజాలు దింపి, తోమి, కడిగి, భుజం మీది తెల్ల తువ్వాలుతో లోపలా బయటా తళతళలాడేలా తుడిచేది. అప్పుడు ఒక్కొక్కటే డ్రమ్ము కుళాయి కింద పెట్టి నింపేది. తువ్వాలు కూడా రోజూ ఉతికినదే. మరక ఉంటే ఆవిడకి ముద్ద దిగేది కాదు.

లాడ్జిలో దిగేవాళ్ళలో సగంమంది పైదేశాలవాళ్ళు. కొండల్లో ఉన్న సరస్సు చూడటానికి వచ్చేవాళ్ళు. సాయంత్రం బస్సుకి దిగి, రాత్రి పడుకుని, పొద్దున బస్సుకి కొండెక్కేవాళ్ళు. వాళ్ళ భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష వాళ్ళకి రాదు. కూజా వైపు వేలు చూపించి కనుబొమలెగరేస్తే, "బాయిల్, బాయిల్" అని పది వేళ్ళూ విప్పి చూపించేది. పది నిమిషాలని ఆవిడ ఉద్దేశం. పదిసార్లని కొందరు, పదిమంది తాగారని కొందరు అర్థం చేసుకుని ఉంటారు. ఏదైతేనేం, తాగేవాళ్ళు.

"ఇరవై రెండేళ్ళు! ఒక్క ప్రాణి కడుపునొప్పి అనలేదు" అని కొత్తగా పనిలో చేరినవాళ్ళందరికీ చెప్పేది. అందులో ఇసుమంతైనా అబద్ధం లేదు. నిజంగానే ఒక్కరూ అనలేదు.

ఆ ఏడు వానలు ఒక పట్టాన తెరిపివ్వలేదు. కొండదారిలో వంతెన ఒక పక్కకి కుంగింది. బస్సులు ఆపేశారు. "రేపు వదుల్తారట" అని బస్‌స్టాండులో చెప్పారు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే మాట. ఆ రేపుని నమ్ముకుని లాడ్జిలో ఐదుగురు ప్రయాణికులు ఉండిపోయారు. రెండో నంబరు గదిలో ఎద్దులాంటి పొడుగాటి మనిషి ఒకడు. నాలుగో నంబరులో కొత్తగా పెళ్ళయిన జంట. తొమ్మిదో నంబరులో ఒంటరిగా వచ్చిన డెబ్భై ఏళ్ళ పెద్దావిడ. పదకొండో నంబరులో, సీలు ఉన్న సీసా నీళ్ళు తప్ప మరేదీ ముట్టని ఒక జాగ్రత్తపరుడు. ఆయన గ్లాసు కూడా వాడడు, సీసాకే నోరు పెడతాడు. ఆయనకి కూజాలమ్మ 'సీలుబాబు' అని పేరు పెట్టింది.

మూడో రోజు పొద్దున నాలుగో నంబరు పిల్ల మంచం దిగలేదు. మధ్యాహ్నానికి మొగుడు కూడా పడకేశాడు. నాలుగో రోజు తొమ్మిదో నంబరు పెద్దావిడ. అదే రోజు సాయంత్రానికి, అన్నిటికన్నా విడ్డూరంగా, సీలుబాబు. వాంతులు, విరేచనాలు, నీరసం. లాడ్జి మెట్ల మీద బకెట్లు ఎక్కడం, దిగడం తప్ప మరో పని లేకుండా పోయింది.

వీధి చివరి డాక్టరుగారు వచ్చి నలుగురినీ చూశాడు. కిందికి దిగి చేతులు కడుక్కుని, ఆ కడుక్కున్న కుళాయి వైపే ఒక క్షణం చూసి అడిగాడు.

"ఇక్కడ తాగే నీళ్ళు ఎవరు పడతారు?"

యజమాని, కౌంటర్ గుమాస్తా, వంటమనిషి ఒక్కసారే తలలు తిప్పారు. ఆవిడ పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

"నేనేనండీ. పది నిమిషాలు తెర్లనిచ్చిన నీళ్ళు."

"ఊఁ."

ఆ 'ఊఁ' ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. గబగబా మెట్లెక్కి నాలుగో నంబరులోని కూజా పట్టుకొచ్చింది. అందరూ చూస్తుండగా ఎత్తిపట్టి గటగటా సగం తాగేసింది.

"ఇదిగో, తాగాను. రేపీపాటికి నేను పడితే అప్పుడు అడగండి."

డాక్టరుగారు కోప్పడలేదు. నిదానంగా అన్నాడు. "అమ్మా, మీరు తాగితే తేలేదేం లేదు. మీ కడుపుకి ఈ ఊరి నీళ్ళు చిన్నప్పటినుంచీ అలవాటు. మీకు చుట్టమైన పురుగు వాళ్ళకి పగవాడు కావచ్చు."

"అంటే నీళ్ళలో పురుగుందంటారా?"

"ఉందనట్లేదు."

"లేదంటారా?"

"లేదనీ అనట్లేదు. పరీక్ష చేయిస్తే తెలుస్తుంది."

యజమాని చెడ్డవాడు కాదు. "ఏమనుకోకు కూజాలమ్మా, అది తేలేదాకా గదుల్లో సీసాలే పెడదాం" అన్నాడు. ఆ రాత్రే పద్నాలుగు కూజాలూ కిందికి దిగి వరండాలో వరసగా కూర్చున్నాయి. ఆవిడ వాటికెదురుగా పీట వేసుక్కూర్చుంది. చెయ్యడానికి పనేం లేక, తుడిచినవే మళ్ళీ తుడిచింది.

కౌంటర్ గుమాస్తా మధ్యవయసువాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆవిణ్ణి అక్కా అంటాడు. టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

"తమ్ముడూ, నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు" అంది ఆవిడ. "నాలుగో నంబరువాళ్ళు మన కూజా నీళ్ళు తాగారు. పడ్డారు. సరే. సీలుబాబు మన కూజా మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఆయనా పడ్డాడు. రెండో నంబరాయన కూజా ఖాళీ చేసి, చాలక స్నానాల గదిలో కుళాయికి నోరు పెట్టి తాగాడు. నా కళ్ళతో నేను చూశా. ఆయన గుండ్రాయిలా ఉన్నాడు. ఇప్పుడు చెప్పు, నీళ్ళా, కాదా?"

గుమాస్తా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. "సీలుబాబు మొన్న బస్‌స్టాండులో నిమ్మరసం తాగాడక్కా. ఐసు ముక్కలు వేసిచ్చారు. ఐసు కూడా నీళ్ళేగా."

"గడ్డకట్టాక పురుగు చావదూ?"

"చావదట."

"వేడికి చస్తుంది, చలికి చావదు. మరి నిమ్మకాయ పులుపుకి?"

"తెలీదక్కా."

"సీలు సీసాలో పోసిన నీళ్ళు మాత్రం ఎక్కడివి? వాటినెవరు కాచారు, ఎంతసేపు కాచారు?"

"అదీ తెలీదక్కా."

"ఇంకేం తెలుసయ్యా నీకు!" అని టీ తాగేసింది. తాగాక గ్లాసు వంక అనుమానంగా చూసింది. టీ కాచిన నీళ్ళు సరే, గ్లాసు దేనితో కడిగారు? ఆ ఆలోచన రాగానే ఆవిడకే చిరాకేసి గ్లాసు దూరంగా జరిపింది. ఇలాంటి ఆలోచన తనకి ముందెన్నడూ వచ్చింది కాదు.

మర్నాటికి నాలుగో నంబరు జంట తేరుకున్నారు. సీలుబాబు లేచి కూర్చున్నాడు. తొమ్మిదో నంబరు పెద్దావిడే గంటగంటకీ వాడిపోయింది. కళ్ళు లోతుకుపోయాయి, పెదవులు బీటలిచ్చాయి. డాక్టరుగారు ఓఆర్ఎస్ పొట్లాలిచ్చి, "లీటరు మంచినీళ్ళలో ఒక పొట్లం కలిపి, గుక్కగుక్కగా పట్టించండి. సాయంత్రానికి తాగకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే" అన్నాడు.

"ఏ మంచినీళ్ళు డాక్టరుగారూ?" అని కూజాలమ్మ అడిగింది. వెటకారం కాదు. ఇరవై రెండేళ్ళుగా తన నోటివెంట వేలసార్లు వచ్చిన మాటకి అర్థమేమిటో ఆ క్షణంలో నిజంగానే తెలియలేదు. డాక్టరుగారు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఆవిడ సీలు సీసా ఒకటి తీసుకుని తొమ్మిదో నంబరుకి వెళ్ళింది. పెద్దావిడ చేతుల్లో సత్తువ లేదని తెలుసు గనక, తలుపు దగ్గరే మూత బిర్రు విప్పి, మళ్ళీ వదులుగా తిప్పి ఉంచింది. సీసా చేతికివ్వగానే పెద్దావిడ ముందు చూసింది మూతనే. సీలు తెగి ఉంది. సీసా మంచం మీద పెట్టేసి తల అడ్డంగా ఊపింది.

"అయ్యో, నేనేనండీ విప్పింది! మీ కోసమే!" అని కూజాలమ్మ మూత తిప్పే అభినయం చేసి, గుండెల మీద చెయ్యేసుకుని చూపించింది. పెద్దావిడకి ఏమర్థమైందో గానీ పెదవులు బిగించుకుని కళ్ళు మూసుకుంది. ఒంట్లో చుక్క నీరు లేని మనిషి. ఎదురుగా నీళ్ళు. తాగదు. తాగమని గట్టిగా చెప్పడానికి కూజాలమ్మకి భాషే కాదు, ధైర్యమూ లేకపోయింది. ఒకవేళ ఆ భయమే నిజమైతే?

దుప్పటి పాడై ఉంది. ఆవిడ ముందు ఆ పని చూసింది. పెద్దావిణ్ణి మెల్లగా ఇటు దొర్లించి, అటు దొర్లించి, దుప్పటి లాగేసి కొత్తది పరిచింది. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. పెద్దావిడ సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది.

"ఊరుకోండమ్మా. పసిపిల్లలకీ మనకీ ఇదేం వింత కాదు. మా అత్తగారికి మూడేళ్ళు చేశాను" అంది కూజాలమ్మ. మాటలు అర్థం కాకపోయినా గొంతు అర్థమైనట్టుంది. ఏడుపు ఆగింది. కాసేపటికి పెద్దావిడ చెయ్యి చాపి మంచం కిందున్న సంచీ చూపించింది.

సంచీ అడుగున రేకు కాగితంలో పొదిగిన చిన్నచిన్న మాత్రలున్నాయి. పెద్దావిడ ఒక మాత్ర చింపి సీసాలో వేయించింది. కూజాలమ్మ సీసా ఊపింది. గ్లాసులో పొయ్యబోతే పెద్దావిడ మణికట్టు పట్టుకుని ఆపింది. తన గడియారం చూపించి, ముల్లు ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని వేలితో గీత గీసింది. అరగంట. ఈలోగా ఆ మాత్ర నీళ్ళలో పురుగుని చంపుతుందన్నమాట.

ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. బయట వాన. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి పక్కన నిండు సీసా పెట్టుకుని అరగంట ఆగడమంటే ఏమిటో కూజాలమ్మకి అప్పుడు తెలిసింది. రెండుసార్లు చెయ్యి సీసా మీదికి వెళ్ళింది. రెండుసార్లూ పెద్దావిడ వేలు ఆడించింది, ఇంకా కాలేదన్నట్టు. ప్రాణం పోయేలా ఉన్నా లెక్క తప్పని ఆ పట్టుదల చూస్తే కూజాలమ్మకి కోపమూ వచ్చింది, తనవాళ్ళెవరో గుర్తొచ్చినట్టూ అయింది. పది అంటే పదే అనే మనిషి ఇంకొకరున్నారన్నమాట.

ముల్లు గీత చేరింది. పొట్లం కలిపారు. పెద్దావిడ చెంచాతో మొదలుపెట్టి, గ్లాసుకొచ్చి, గంటలో ముప్పావు సీసా తాగింది. మిగిలినదాంట్లోంచి ఒక గుక్క కూజాలమ్మ నోట్లో పోసుకుని చూసింది. ఉప్పూ తీపీ వెనకాల, బకెట్లు కడిగే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది.

"వీటినా మంచినీళ్ళంటారు!" అనుకుంది. అయినా ఆ నీళ్ళే ఆ ముసలిప్రాణాన్ని నిలబెట్టాయి. సాయంత్రానికి పెద్దాసుపత్రి అవసరం రాలేదు.

ఆరో రోజు కూజాలమ్మ మరిది లాడ్జికి వచ్చాడు. నీళ్ళ ఆఫీసులో గొట్టాలు అతికే పని అతనిది. తడిసి, మోకాళ్ళదాకా బురదతో వరండాలో నిలబడ్డాడు.

"వదినా, నీకో మాట చెప్పాలి. కోప్పడకు. వాన మొదలైన రోజు మీ సందు మలుపులో మంచినీళ్ళ గొట్టం పగిలింది. అతికేసరికి మూడు రోజులు పట్టింది."

"పగిలితే నీళ్ళు బయటికి పోతాయి. మాకేం?"

"నీళ్ళు వదిలినప్పుడు బయటికి పోతాయి. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది చూడు, అప్పుడది ఊరుకోదు. పీలుస్తుంది. పక్కన ఏముంటే అది."

"పక్కనేముంది?"

మరిది నేల చూపులు చూశాడు. "మురుగు కాలువ."

కూజాలమ్మ వరసగా ఉన్న కూజాల వైపు చూసింది.

"అయినా నువ్వు కాస్తావుగా వదినా! పది నిమిషాలు కాస్తే ఇంకేం మిగుల్తుంది? కుళాయితో మొహం కడుక్కుని, పళ్ళు తోముకుని వాళ్ళే తెచ్చుకుని ఉంటారు. నీ నీళ్ళకేం ఢోకా లేదు."

ఆ మాటతో ఆవిడకి ప్రాణం కుదుటపడింది. అవును, సీలుబాబు పళ్ళు దేనితో తోముకున్నాడు? కుళాయి నీళ్ళతోనేగా! చిక్కు వీడిపోయింది అనుకుంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు నీటి పరీక్షల ఆవిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చేతిలో మంచుపెట్టె, అందులో చిన్నచిన్న గాజు సీసాలు. సీసా పట్టేముందు లైటరు వెలిగించి కుళాయి మూతిని కాల్చింది. "నీళ్ళు కాచడం విన్నాను గానీ కుళాయిని కాచడం ఇదే చూడటం" అంది కూజాలమ్మ. పరీక్షల ఆవిడ నవ్వి, కుళాయి నీళ్ళొక సీసా, డ్రమ్ము నీళ్ళొక సీసా పట్టింది. తర్వాత కూజాలమ్మ ఆ పొద్దున, ఎవరూ అడక్కపోయినా ఎప్పటిలాగే నింపిపెట్టుకున్న కూజాలోంచి ఒక సీసా.

రెండు రోజులకి కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చింది. కుళాయి నీళ్ళు చెడ్డవి. డ్రమ్ము నీళ్ళు మంచివి. కూజా నీళ్ళు చెడ్డవి.

"సీసాలు మార్చేసుంటావు తల్లీ" అంది కూజాలమ్మ.

"లేదండీ. పేర్లు రాశాను."

"డ్రమ్ములోంచే కదా కూజాలోకి పోసేది! మధ్యలో జానెడు దూరం లేదు. ఆ జానెడులో ఎవరు కలిశారు?"

"మీరు రోజూ ఎలా పడతారో ఒక్కసారి చేసి చూపిస్తారా?"

కూజాలమ్మ చూపించింది. ఉత్సాహంగానే చూపించింది. పని చూపించమని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. కూజా తోమింది, కుళాయి కింద మూడుసార్లు కడిగింది, భుజం మీది తువ్వాలు తీసి లోపలికి చెయ్యి పోనిచ్చి గుండ్రంగా తుడిచింది, డ్రమ్ము కింద పెట్టి నింపింది. తలెత్తి చూసేసరికి పరీక్షల ఆవిడ మొహంలో జాలి ఉంది.

"కూజా దేనితో కడిగారండీ?"

"కుళాయి..." అని సగంలో ఆగింది.

"తువ్వాలు దేనితో ఉతికారు?"

కూజాలమ్మ చేతిలోని తువ్వాలు వంక చూసింది.

దాన్ని మడిచి పక్కన పెట్టి అడిగింది. "కడిగే నీళ్ళని కూడా కాచాలన్నమాట. మరి ఆ కాచిన నీళ్ళు పోసే గిన్నెని దేనితో కడగాలి? ఆ చేతుల్ని దేనితో కడగాలి? దీనికి అంతెక్కడ తల్లీ?"

"అంత అక్కర్లేదండీ. కూజాని ఆఖర్న మరిగే నీళ్ళతో తొలిపి, బోర్లించి ఆరనివ్వండి. తుడవకండి చాలు."

తుడవద్దు! ఎవరైనా పని ఎక్కువ చెయ్యమంటే ఆవిడకి అర్థమయ్యేది. తక్కువ చెయ్యమంటే ఎలా తీసుకోవాలో తెలియలేదు.

"ఇరవై రెండేళ్ళు ఇలాగే చేశానమ్మా. ఒక్కరికీ ఏం కాలేదు."

"మీ దగ్గర ఎన్నాళ్ళుంటారండీ వాళ్ళు?"

"ఒక్క రాత్రి. ఈసారి వంతెన పోబట్టి గానీ."

పరీక్షల ఆవిడ కాగితం మడిచి ఇస్తూ, ఆవిడ వంక చూడకుండా అంది. "ఇలాంటివి బయటపడటానికి ఒక రోజో, మూడు రోజులో పడుతుందండీ."

ఆవిడ వెళ్ళిపోయిన తర్వాత చాలాసేపు కూజాలమ్మ ఆ వరండాలోనే ఉంది. ఒక రోజో, మూడు రోజులో. మూడు రోజుల తర్వాత వాళ్ళెక్కడ, తనెక్కడ? కొండ మీద, సరస్సు ఒడ్డున, ఇంకో లాడ్జిలో, ఇంకో దేశంలో. 'ఒక్కరూ కడుపునొప్పి అనలేదు.' ఎవరితో అంటారు?

ఆరోజు సాయంత్రం కౌంటరు దగ్గరికెళ్ళి నిలబడింది.

"తమ్ముడూ, ఇక్కణ్ణించి వెళ్ళాక ఎవరైనా, ఎప్పుడైనా, ఒంట్లో బాగాలేదని కబురు పెట్టారా?"

గుమాస్తా రిజిస్టరు మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. "ఫోనులో రాస్తారక్కా. లాడ్జి ఎలా ఉంది, గది ఎలా ఉంది అని."

"కడుపు సంగతి?"

"ఎప్పుడో ఒకటి. తొమ్మిదో, పదో ఉంటాయి. ఆరేడేళ్ళలో."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పనక్కా? నీ వల్లేనని ఎవరూ రాయలేదు. ఇదిగో, విను." ఫోను తీసి, తడుముకుంటూ తెలుగు చేసి చదివాడు. "'గది శుభ్రంగా ఉంది. నీళ్ళు తెచ్చే ఆవిడ చాలా మంచిది. రెండు రోజుల తర్వాత సరస్సు దగ్గర ఇద్దరికీ జబ్బు చేసింది. అక్కడ తిన్న చేప వల్ల అనుకుంటాం.' చూశావా, చేపంటున్నారు. ఇంకొకాయన బస్సులో కొన్న పళ్ళంటున్నాడు."

"చేపేనా?"

"వాళ్ళు అలా రాశారు."

"నిజంగా చేపేనా తమ్ముడూ?"

గుమాస్తా ఫోను జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గొట్టం పగల్లేదు కదా అని ఆవిడే అనుకుంది. పగల్లేదని ఎవరు చెప్పొచ్చారు అని మళ్ళీ ఆవిడే అనుకుంది. 'నీళ్ళు తెచ్చే ఆవిడ చాలా మంచిది' అన్న మాట మాత్రం ముల్లులా దిగబడిపోయింది. తిట్టి ఉంటే ఎంతో నయంగా ఉండేది.

పదో రోజు వంతెన మీద బస్సులు వదిలారు. ఐదుగురూ సంచులు సర్దుకున్నారు. తొమ్మిదో నంబరు పెద్దావిడ కర్ర పట్టుకుని మెట్లు దిగివచ్చి కూజాలమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"తమ్ముడూ, ఇలా రా" అని గుమాస్తాని పిలిచింది కూజాలమ్మ. "ఈవిడకి చెప్పు. నీళ్ళు మంచివేగానీ కూజా మంచిది కాదని, నా తువ్వాలు వల్లేనని చెప్పు."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఎందుకక్కా? వెళ్ళిపోతోందిగా!"

"వెళ్ళిపోతోంది కాబట్టే."

అతను చెప్పాడు. పెద్దావిడ శ్రద్ధగా విని, తల ఊపి, తనేదో చాలాసేపు మాట్లాడింది. చేత్తో పళ్ళు తోముకుంటున్నట్టు చూపించింది. తన నుదురు తనే కొట్టుకుని నవ్వింది.

"ఏమంటోంది?"

"వచ్చిన రోజు నిద్రమత్తులో కుళాయి నీళ్ళతో పళ్ళు తోముకుందట. ఎన్నో దేశాలు తిరిగింది, ఎప్పుడూ ఆ పొరపాటు చెయ్యలేదట. అందువల్లేననీ, తప్పు తనదేననీ, నీది కానే కాదనీ అంటోంది."

"కాదయ్యా, నాదేనని మళ్ళీ చెప్పు."

"చెప్పానక్కా. ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఇద్దరూ నాదంటే నాదంటే నేనెవరి మాట చెప్పను?"

బస్సు హారను కొట్టింది. పెద్దావిడ ఆవిడ బుగ్గ తట్టి ఎక్కేసింది. ఆ తట్టడంలో క్షమించడం ఉందో, క్షమించాల్సిందేమీ లేదనడం ఉందో కూజాలమ్మకి అర్థం కాలేదు.

తర్వాత సందులో గొట్టం మొత్తం తీసి కొత్తది వేశారు. కూజాలు మళ్ళీ గదుల్లోకి ఎక్కాయి. తొలపడానికే పెట్టిన రెండో గుండిగలో మరిగే నీళ్ళతో తొలిపి, ఎండలో బల్ల మీద వరసగా బోర్లించడం కొత్త పద్ధతి. వాటి మీద నీటిచుక్కల మచ్చలు ఆరిపోయి తెల్లగా కనిపిస్తుంటే ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేది. ఎవరైనా కూజా చూపించి కనుబొమలెగరేస్తే ఇదివరకంత చటుక్కున వేళ్ళు విప్పడం లేదు. ముందు వాళ్ళ మొహం చూస్తుంది. తర్వాత, పళ్ళు తోముకోవడానికీ ఇవే వాడమని చేత్తో చూపిస్తుంది.

ఒకనాడు యజమాని దగ్గరికెళ్ళి అడిగింది. "వెళ్ళేవాళ్ళకి మన ఫోన్ నంబరు రాసిద్దామండీ. ఐదు రోజుల్లో ఒంట్లో బాగాలేకపోతే చెప్పమని."

యజమాని అదిరిపడ్డాడు. "పోయే తగువుని పిలిచి పీట వేస్తానంటావేమిటి కూజాలమ్మా!"

"నాకు తెలియాలండీ."

"తెలిసి ఏం చేస్తావు?"

ఏం చేస్తుందో ఆవిడకీ తెలియదు. అయినా గుమ్మం కదల్లేదు. చివరికి ఆయనే, "రెండు నెలలు చూద్దాం" అన్నాడు.

ఆ రెండు నెలల్లో మూడు కబుర్లొచ్చాయి. రెండు, క్షేమంగా ఉన్నామని. మూడోది ఆరో నంబరులో దిగిన ఒక అన్నాచెల్లెళ్ళ నుంచి. అన్నకి రెండు రోజులు వాంతులయ్యాయట, చెల్లెలికి ఏమీ కాలేదట. ఇద్దరూ ఒకే కూజా తాగారట, ఒకే చోట తిన్నారట. ఎందువల్లో తెలియదట. అడిగారు కాబట్టి రాస్తున్నామనీ, ఇప్పుడు బాగానే ఉన్నామనీ.

గుమాస్తా రెండుసార్లు చదివాడు. కూజాలమ్మ మూడోసారి చదవమంది.

"ఒకే కూజా అన్నారా?"

"ఒకే కూజా."

"ఆ పిల్లకి ఏమీ కాలేదా?"

"ఏమీ కాలేదట."

ఆవిడ మేడెక్కి ఆరో నంబరు కూజా తెచ్చి, వరండా చివర వెలుతురులో వంచి లోపలికి చూసింది. వేలు పెట్టి చూడబోయి మానుకుంది. గోడగడియారం పదకొండు చూపిస్తోంది. సాయంత్రం బస్సుకి ఆరుగురు దిగుతున్నారని గుమాస్తా పొద్దునే చెప్పాడు. కూజా పక్కన పెట్టి, రెండో గుండిగకి నీళ్ళు పట్టడానికి లేచింది.